ఇంజన్ పని చేసి ఎక్కించాను, స్టార్ట్ కావట్లేదు

పాతపికప్:
పొద్దున్నుంచీ దీని కిందే ఉన్నాను, చీకటి పడింది. పాత పికప్, నాలుగు సిలిండర్లు. ఇంజన్ దింపి మొత్తం పని చేసి నిన్న రాత్రి ఎక్కించాను. రింగులు, బేరింగులు, హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ అన్నీ కొత్తవే. సెల్ఫ్ బాగానే తిప్పుతోంది, కానీ ఒక్కసారి కూడా అందుకోవట్లేదు. టైమింగ్ మార్కులు నాలుగు సార్లు చూశాను. బ్యాటరీ ఒకసారి దిగిపోయింది, చార్జింగ్ పెట్టి మళ్లీ కొట్టాను. ఇంకేం చూడాలో తోచట్లేదు.

గ్రీజుచేతులు:
ప్లగ్ విప్పి బాడీకి ఆనించి స్పార్క్ చూడండి. వస్తుంటే ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తేడాగా కూర్చుందేమో చూడండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఒక్క చుట్టే. పుల్లీ మార్కు కలిసినంత మాత్రాన ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉందని కాదు, ఎగ్జాస్ట్ చివర్లో కూడా ఆ మార్కు కలుస్తుంది.

డీజిల్‌పొగ:
పెట్రోలా, డీజిలా?

పాతపికప్:
డీజిలే అండీ. పికప్ అన్నాను కదా.

గ్రీజుచేతులు:
పికప్‌లు పెట్రోల్‌లో కూడా వస్తాయి. ముందే చెప్తే ఇదంతా రాసేవాణ్ని కాదు.

లేతుబాబాయ్:
మొత్తం పని అంటున్నారు. సిలిండర్ లోపలి గోడ కోసి బోర్ చేయించారా, ఉత్త హానింగేనా, అంటే పైపైన రుద్దడమేనా? పాత బోర్‌లో కొత్త రింగులు వేస్తే అది రింగుల పనే, మొత్తం పని కాదు. బోర్ అరిగితే 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి తీరాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, హెడ్ గ్యాస్కెట్ మందం. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ కంటే కొంచెం పైకి పొడుచుకు వస్తుంది. అది డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగ్గ గ్యాస్కెట్ వేయాలి. గ్యాస్కెట్ అంచున చిల్లులో గాట్లో ఉంటాయి, మందం వాటిని బట్టే తెలుస్తుంది. మందంది వేస్తే కంప్రెషన్ పడిపోతుంది. డీజిల్‌కి స్పార్క్ లేదు, గాలి వేడెక్కితేనే మంట. ఈ కొలత ఎవరూ తీయరు, తర్వాత డీజిల్ పంపుని తిడతారు.

పాతపికప్:
బోర్ చేయించలేదు, హానింగే. గ్యాస్కెట్ పాతదాని పక్కన పెట్టి చూశాను, ఒకేలా ఉంది.

లేతుబాబాయ్:
కంటికి ఒకేలా ఉంటే సరిపోదు. తేడా మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగానే ఉంటుంది.

డీజిల్‌పొగ:
సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా?

పాతపికప్:
లేదు. అస్సలు రావట్లేదు.

డీజిల్‌పొగ:
అయితే కంప్రెషన్ సంగతి తర్వాత. డీజిల్ సిలిండర్‌లోకి వెళ్లి మండకపోతే తెల్ల పొగ రావాలి. రావట్లేదంటే డీజిలే వెళ్లట్లేదు. డీజిల్ పైపుల్లో చిక్కిన ఎయిర్ తీశారా?

బండిరాజు:
ఎయిర్ ఇన్‌టేక్‌లోకి ఇట్టే మండే ఈథర్ స్ప్రే కొట్టండి, దెబ్బకి అందుకుంటుంది.

గ్రీజుచేతులు:
దయచేసి ఆ పని చేయకండి. సిలిండర్‌ని వేడి చేసే హీటర్ ప్లగ్‌లు ఎర్రగా కాలుతుంటే ఈథర్ పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. కొత్త రింగులు విరుగుతాయి, పిస్టన్ కూడా పగలొచ్చు. ఇన్ని రోజుల కష్టం పోతుంది.

పాతపికప్:
ఈథర్ వాడను. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు కొట్టాను, గట్టిపడింది. డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాను. చుక్క కూడా రాలేదు.

లేతుబాబాయ్:
నాజిల్ అంటే కొన మాత్రమే. మొత్తాన్ని ఇంజెక్టర్ అనాలి.

గ్రీజుచేతులు:
షెడ్డులో అందరూ నాజిల్ అనే అంటారు, అందరికీ అర్థమవుతుంది. ముఖ్యం అది కాదు. నట్టు వదులు చేసినప్పుడు చెయ్యి దగ్గర పెట్టకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. సెల్ఫ్ కూడా పది పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా ఒకట్రెండు నిమిషాలు ఆగండి, లేకపోతే మోటార్ కాలిపోతుంది.

డీజిల్‌పొగ:
నాజిళ్లకి డీజిల్ తోసే పెద్ద పంపు దాకా డీజిల్ వస్తోంది, అది దాటి రావట్లేదు. రోటరీ పంపేనా? దాని వెనక ఒక్క వైరు తగిలే సొలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉంటుంది. వైరు ఉందా?

పాతపికప్:
రోటరీయే. ఇంజన్ ఎక్కించాక ఒక వైరు మిగిలింది. దేనిదో తెలియక టేప్ చుట్టి పక్కకి కట్టేశాను.

డీజిల్‌పొగ:
అదే. కీ ఆన్‌లో 12 వోల్టులు రావాలి. కరెంటు లేకపోతే స్ప్రింగ్ లోపల దారి మూసేస్తుంది, డీజిల్ కదలదు. తగిలించి కీ తిప్పండి, టక్ మని వినిపిస్తుంది.

పాతపికప్:
టక్ మంది. మళ్లీ ఎయిర్ తీసి కొట్టాను, మొదట తెల్ల పొగ వచ్చింది, తర్వాత అందుకుంది. థాంక్స్ అండీ.

గ్రీజుచేతులు:
ఆయిల్ లైట్ వెంటనే ఆరిందా?

లేతుబాబాయ్:
హెడ్ బోల్టులు పాతవేనా? బిగించినప్పుడు సాగే రకమైతే రెండోసారి వాడకూడదు. గ్యాస్కెట్ మీద ఎన్ని చిల్లులున్నాయో కూడా చెప్పండి.