3 ఎంఎం ప్లైలో ఫింగర్ జాయింట్ (ఒక ముక్క పళ్ళు ఇంకో ముక్క గాడుల్లో దిగే అతుకు) లూజ్ అవుతోంది, ఏం చేయాలి?

చిన్న దేవుడి మందిరం లేజర్ కటింగ్‌కి ఇచ్చా, పన్ను 10 ఎంఎం గాడి 10 ఎంఎం సరిగ్గానే గీశా, తీరా బిగిస్తే గోడలు టకటక ఊగుతున్నాయి. ఫెవికాల్ నింపేస్తే సరిపోతుందా?

చెక్కపిచ్చి:
ఫెవికాల్ సందులు పూడ్చదు బ్రో. లేజర్ గీత మందం, అదే కెర్ఫ్, వదిలేశావు. పన్ను ఆ మేరకు సన్నబడుతుంది, గాడి అంతే వెడల్పవుతుంది, అంటే సందు డబుల్. 100 ఎంఎం పట్టీని చుట్టూ కోయించి 10 సమాన ముక్కలు చేయించు, దగ్గరికి జరిపి కొలువు, 98.5 వస్తే తగ్గిన 1.5ని 10 ముక్కలతో భాగించు, కెర్ఫ్ 0.15. పన్ను 10.15, గాడి 9.85 గియ్యి.

రంపంపొట్టు:
అంతకంటే ముందు వెర్నియర్ పెట్టి షీట్ మందం చూడండి. షాపువాడు 3 అంటాడు, నాకోసారి 2.7 వచ్చింది, పళ్ళ చివర్లు గోరుకి తగిలేలా బయటికి పొడుచుకొచ్చాయి, సాండ్‌పేపర్ రుద్దీ రుద్దీ చేతులు పడిపోయాయి.

చెక్కపిచ్చి:
అవును, అదీ నిజమే. మరీ టైట్ పెట్టినా పైపొర చీలుద్ది, ముందు తుక్కు ముక్క మీద రెండు మూడు కొలతలు ట్రై చెయ్.

అడిగినోడు:
గాడి 9.9, పన్ను 10.1 గీసి కోయిస్తే సుత్తి అక్కర్లేకుండా బొటనవేలితో నొక్కితే దిగింది, థాంక్స్ అన్నా!