మతం ముందా, డబ్బు ముందా? అమరావతి శాసనాలు చదివాక వచ్చిన డౌటు

బ్రాడీపేట కుర్రాడు:
అమరావతి బౌద్ధ స్తూపం రాజులు కట్టించారనే అనుకుంటాం కదా. దాన శాసనాల్లో చూస్తే అత్తర్ల వ్యాపారులు, వర్తకులు, గృహిణులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు (ఉపాధ్యాయుడి కొడుకట) ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడు. తర్వాత్తర్వాత అదే వృత్తి వాళ్లని ఇదే కృష్ణ ఒడ్డున గుడి గడప తొక్కనివ్వలేదు. మరి బౌద్ధం ఉండబట్టి వీళ్లకా గౌరవం దక్కిందా, వ్యాపారం బాగా సాగబట్టి బౌద్ధం నిలబడిందా? నమ్మకమే ఆర్థిక జీవితాన్ని మలుస్తుందని జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అంటే, మార్క్స్ దాన్ని తిరగేశాడు. మన జిల్లాల సంగతులతో చెప్పండి ప్లీజ్.

డెల్టా రైతు:
తమ్ముడూ, డబ్బే ముందు. 1833 డొక్కల కరువులో గుంటూరు జిల్లాలో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడూ ఇవే దేవుళ్లు, ఇవే మొక్కులు. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యి కాలవలు పారాక కదా రైతు నాలుగు డబ్బులు వెనకేసింది, పిల్లల్ని చదివించింది, ఊళ్లో రామాలయానికి చందా రాసింది. ముందు వచ్చింది నీళ్లండీ.

టీచరమ్మ, గుంటూరు:
అన్నగారూ, సెంటు భూమి లేనివాళ్లకి ఆ కాలవ ఏం ఇచ్చింది? మహా అయితే కూలి. 1842లో మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చాక లూథరన్ మిషన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) వాళ్లు బళ్లు పెట్టారు, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ 1885 నాటిది. బైబిలు ఎవరికి వారు చదువుకోవాలన్నది వాళ్ల నమ్మకం, అందుకే చర్చి ఉన్నచోట బడి లేచింది, మాల మాదిగ పేటల్లో మొదటిసారి పలక పట్టిన పిల్లలు అలా వచ్చారు. బెకర్, వోస్‌మన్ అనే ఆర్థికవేత్తలు 19వ శతాబ్దపు ప్రష్యా (జర్మన్ రాజ్యం) లెక్కలు తీసి, ప్రొటెస్టెంట్ జిల్లాలు ముందుండటానికి చాలామటుకు కారణం చదువేనని 2009లో రాశారు. ప్రొటెస్టెంట్ నమ్మకం నుంచి వచ్చిందని వెబర్ చెప్పిన కష్టపడే గుణం కన్నా నాకు ఇదే నమ్మబుద్ధేస్తుంది. అలాగని చర్చిలో అడుగుపెట్టగానే కులం పోయిందని అనను. పెళ్లి సంబంధాల దగ్గర చూడండి, ఎంత గట్టిగా ఉందో.

పటమట వాసి:
మేడమ్, ఆ చివరి మాట దగ్గరే మా నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు గుర్తొస్తారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో బెజవాడ తెచ్చారు. ఉపన్యాసాలతో ఆగలేదు, సహపంక్తి భోజనాలు పెట్టారు, సొంత కుటుంబంలోనే కులాంతర వివాహాలు చేశారు. దేవుడు లేడన్నది కూడా ఒక నమ్మకమే అనుకుంటే, అది కూడా మనుషుల్ని కదిపింది. కాకపోతే ఊరు మొత్తం మారిందా అంటే మారలేదు. ఇప్పటికీ దసరాకి ఇంద్రకీలాద్రి క్యూ చూస్తే తెలుస్తుంది (ఆ క్యూలో నేనూ ఉంటాను, అది వేరే విషయం).

బ్రాడీపేట కుర్రాడు:
టీచర్ గారి మాట పట్టుకుంటే అమరావతి కూడా కొంచెం అర్థమవుతోంది. దానం ఎవరు ఇచ్చినా పుచ్చుకుని పేరు చెక్కించే పద్ధతి బౌద్ధ సంఘంలో ఉంది, డబ్బు వర్తకం నుంచి వచ్చింది, రెండూ కలిశాయి. కానీ రైతన్నా, నాగార్జునకొండ దగ్గర మళ్లీ చిక్కుపడ్డాను. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు వైదిక యాగమైన అశ్వమేధం చేశాడు, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అక్కడి బౌద్ధ మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) దానమిచ్చింది. ఇల్లు ఒకటే, ఖజానా ఒకటే, దారులు రెండు. డబ్బే అన్నీ తేలిస్తే దీన్నెలా చెప్తారు?