మేళాలో చేనేత స్టాల్ దగ్గర బేరమాడటం తప్పా?

నీలిచుక్క:
మొన్న ఆదివారం నేనూ మా ఫ్రెండూ హైదరాబాద్‌లో ఒక చేనేత, హస్తకళల మేళాకి వెళ్ళాం. ఒకవైపు ఆత్రేయపురం పూతరేకులు అక్కడికక్కడే తీసి చుట్టి ఇస్తున్నారు, ఇంకోవైపు ఊరగాయలు, వడియాలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి దశావతారాలు. అంతవరకూ సరదాగానే తిరిగాం. ఇకత్ దుప్పట్ల (నూలుకి ముందే రంగులేసి, ఆ రంగులతోనే డిజైన్ వచ్చేలా నేసేవి) స్టాల్ దగ్గర తేడా వచ్చింది. డబుల్ దుప్పటి 2,200 అన్నాడతను. మా ఫ్రెండ్‌కి రెండు కావాలి. 1,200 నుంచి మొదలుపెట్టింది. అరగంట సేపు అదే పని. మడత విప్పించింది, మళ్ళీ మడిపించింది, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసింది. చివరికి ఒక్కోటి 1,600కి ఇచ్చాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది. చేత్తో నేసేవాళ్ళతో అంత గీచి గీచి బేరమాడాలా? అదే అంటే, "నీలాంటివాళ్ళే రేట్లు పాడుచేసేది" అని నా మీదే పడింది. మీరేమంటారు?

సైకిల్‌బెల్లు:
మాల్‌లో నోరెత్తం. పేదవాడి దగ్గర మాత్రం సింహాలం.

లెక్కలమాస్టారు:
ఈ మాల్ డైలాగు మేళాల సీజన్ వచ్చిందంటే వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అక్కడ బేరమాడినా తగ్గించే అధికారం కౌంటర్‌లో ఉన్న పిల్లాడికి ఉండదు కాబట్టి ఆడం. దానికీ దయాదాక్షిణ్యాలకీ సంబంధం లేదు.

అసలు మొదట తేలాల్సింది వేరే ఉంది. అది ఇకత్తేనా? డబుల్ దుప్పటి 1,600కి దిగిందంటే నాకు అనుమానమే. వెనక్కి తిప్పి చూశారా? ఇకత్ అయితే రెండువైపులా ఒకేలా ఉంటుంది. ప్రింట్ అయితే వెనక వెలిసినట్టుంటుంది. 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ అని లేబుల్ ఉంది, అదేమైనా కుట్టి ఉందా? ఇవేవీ చూడకుండా న్యాయం, అన్యాయం అంటే ఎలా అమ్మా?

నీలిచుక్క:
మాస్టారూ, నేనడిగింది బేరం గురించి.

లెక్కలమాస్టారు:
నేనూ దాని గురించే చెబుతున్నా. మిల్లు గుడ్డ మీద ప్రింట్ వేసిందయితే 1,600 కూడా దండగే. చేనేత అయితే 2,200 కూడా సబబే. సరుకేంటో తెలియకుండా రేటు మీద తీర్పేమిటి?

పడుగుపేక:
మాది పోచంపల్లి పక్క ఊరు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి.

మాస్టారు గారు చెప్పిన పరీక్ష సగమే పనికొస్తుంది. ఇప్పుడు ప్రింట్ కూడా వెనక వరకూ దిగేలా వేస్తున్నారు. కొంగు దగ్గరో అంచు దగ్గరో ఒక పోగు లాగి చూడండి. మేం నెయ్యడానికి ముందే నూలుకి ముడులు కట్టి రంగులో ముంచుతాం. అందుకని ఒకే పోగు మీద కాస్త దూరం ఎరుపు, కాస్త దూరం తెలుపు, మళ్ళీ నలుపు వరసగా వస్తాయి. రంగు పోగు చుట్టూ నిండుగా పట్టి ఉంటుంది. ప్రింట్‌లో పోగుని విప్పితే లోపల తెల్లగానే కనపడుతుంది. డిజైన్ అంచులు కూడా చూడండి. మా నేతలో గళ్ళ చివర కొంచెం చెదిరినట్టు ఉంటుంది. మరీ స్కేలు పెట్టి గీసినట్టుంటే నమ్మకండి.

ఇక బేరం సంగతి. మా ఊళ్ళో ఎక్కువమంది సొంతానికి నెయ్యరు. షావుకారు నూలు ఇస్తాడు, వార్పుకి (ఒకసారి మగ్గమెక్కించే నూలుకి) ఇంత అని కూలీ ఇస్తాడు. మీరు 2,200 ఇచ్చినా 1,600 ఇచ్చినా ఆ దుప్పటి నేసినవాడి చేతికి రావాల్సింది ఎప్పుడో వచ్చేసింది.

లెక్కలమాస్టారు:
అయితే బేరమాడితే నేతగాడికి నష్టం లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఇక చర్చేముంది?

పడుగుపేక:
ఆ దుప్పటికి నష్టం లేదన్నా. వచ్చే వార్పుకి ఉంటుంది. "మేళాలో రేటు పడిపోయింది, ఈసారి కూలీ పెంచలేను" అంటాడు షావుకారు. మేళా బాగా నడిచిన ఏడాది మాత్రం ఆ ముచ్చటే ఎత్తడు.

కాఫీడికాషన్:
ఇదంతా ఒకవైపు కథ. మా అమ్మ జీవితంలో బేరమాడి ఎరగదు. ఒక మేళాలో "అమ్మా, మా ఇంట్లో నేసిందే" అని చెప్తే నోరెత్తకుండా చెప్పినంతా ఇచ్చి చీర కొంది. మొదటి ఉతుకుకే బకెట్ నీళ్ళు ఎర్రగా అయ్యాయి. పక్కనున్న తెల్ల లంగా పోయింది. అదే చీర నెల తర్వాత మా వీధి షాపులో సగం రేటుకి వేలాడుతోంది. ఆవిడ ఇప్పటికీ ఆ చీర మడత విప్పదు. వాళ్ళు బేరం కోసమే పైకి వేసి చెబుతారు. ఆడనివాడు ఆడేవాడి వాటా కూడా కడతాడు. నీలిచుక్క గారు, మీ ఫ్రెండ్ చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్.

సైకిల్‌బెల్లు:
ఒక చీర రంగు పోయిందని ఊళ్ళో నేతవాళ్ళందరూ దొంగలా?

కాఫీడికాషన్:
నేనెక్కడన్నాను ఆ మాట?

గోదారిగట్టు:
మా పూతరేకుల స్టాల్ దగ్గర ఎవరూ బేరమాడరు, గమనించారా? బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి. ఆవిడ బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని రెండు చేతుల్తో సాగదీసి కుండ మీద ఇలా వేసి అలా తీస్తుంది. రెప్పపాటులో రేకు తయారు. గుడ్డ ఒక క్షణం ఎక్కువ ఉంటే మాడిపోతుంది, తక్కువుంటే చిరిగిపోతుంది. ఆ సెగకి ఆవిడ ముంజేతులు చూసిన ఎవరికైనా తగ్గించమని నోరు రాదు. దుప్పటి అయితే మడత పెట్టి కవర్లో ఉంటుంది, కష్టం కనపడదు. మగ్గం కూడా స్టాల్లో పెడితే బేరాలుండవు. అన్నట్టు 2023లో మా ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది.

లెక్కలమాస్టారు:
జీఐ వస్తే ఒరిగేదేమిటి? పోచంపల్లి ఇకత్‌కి ఎప్పుడో వచ్చింది, ప్రింట్లు ఆగాయా? పూతరేకుల డబ్బా మీద రేటు రాసి అంటించారు కాబట్టి బేరం లేదు, ముంజేతులు చూసి కాదు. ఆప్కో చేనేత షోరూముల్లో బేరముంటుందా? లేపాక్షి హస్తకళల షోరూముల్లో ఉంటుందా? బోర్డు మీద రేటు పెట్టమనండి, పంచాయతీ తెగిపోతుంది.

పడుగుపేక:
ఆప్కోలో బేరం ఉండదు, రిబేటు ఉంటుంది. పండక్కి ఇంత శాతం, ఉగాదికి అంత శాతం అని బ్యానర్లు కడతారు. జనం రిబేటు వచ్చేదాకా కొనరు. చేనేత అంటే తగ్గించి అమ్మేది అని అలవాటు చేసింది మేం కాదు.

కాఫీడికాషన్:
ఇంకో మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. మేళాల్లో స్టాల్లో కూర్చునేది అసలు నేతగాళ్ళేనా? సగం మంది దళారులు. నా ముందు నిజమైన నేతగాడు కూర్చుంటే అడిగినంతా ఇచ్చి దణ్ణం పెడతా. దళారీతో బేరమాడటానికి నాకు సిగ్గెందుకు?

పడుగుపేక:
మీరు కోపం తెచ్చుకోవద్దన్నది ఎందుకో ఇప్పుడర్థమైంది.

మేడం, మా నాన్న స్టాల్లో కూర్చున్నన్ని రోజులు మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే కూలీ లేదు. స్టాల్ అద్దె, రూము, తిండి, దుప్పట్ల మూటలకి బస్సు చార్జీ ఎవరిస్తారు? అందుకే మా బావ వస్తాడు. ఆయన నెయ్యడు, అమ్ముతాడు. మీ లెక్కలో ఆయన దళారీ. ఆయన రాకపోతే ఆ సరుకంతా షావుకారు గోడౌన్‌లోనే ఉంటుంది.

మా అమ్మ ఆసు పోసేది. తెలియనివాళ్ళకి చెబుతున్నా, డిజైన్ కట్టడానికి ముందు దారాన్ని మేకుల మధ్య అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకి వేలసార్లు చెయ్యి ఆడాలి. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి మా అమ్మ కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇప్పుడావిడని తెచ్చి మీ ముందు కూర్చోబెట్టాలా, దణ్ణం పెట్టడానికి?

కాఫీడికాషన్:
నా ఉద్దేశం అది కాదు. మీరు మరీ మనసుకి తీసుకుంటున్నారు.

పడుగుపేక:
మనసుకి కాక మగ్గానికి తీసుకోమంటారా?

సైకిల్‌బెల్లు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

రెండుదుప్పట్లు:
నేనే ఆ ఫ్రెండ్‌ని. ఇద్దరికీ తెలిసినామె ఈ లింక్ పంపింది. కొత్తగా ఖాతా తెరిచి మరీ రాస్తున్నా.

నీలిచుక్క చాలా సంగతులు వదిలేసింది. నేను ప్రైవేట్ స్కూల్ టీచర్ని. మా అక్క గృహప్రవేశానికి రెండు దుప్పట్లు పెట్టాలనుకున్నా. పర్సులో పెట్టుకున్నది 3,200. నాలుగడుగులు వేసింది నాటకం కాదు, నిజంగానే వెళ్ళిపోతున్నా. అప్పటికి అతను ఒక్కోటి 1,800 దాకా వచ్చాడు, నా దగ్గర అంత లేదు. అప్పుడు ఈవిడ, అతనికీ పక్క స్టాల్ వాళ్ళకీ వినపడేలా, "ఆ నాలుగొందలు నేనిస్తాలేవే, పద" అంది. అతను నా మొహం చూసి తల దించుకున్నాడు. "తీసుకోండమ్మా, పదహారొందలకే" అన్నాడు. తగ్గింది నా బేరానికి కాదు, నన్ను చూసి జాలిపడి. అరగంట బేరమాడినందుకు నాకు సిగ్గనిపించలేదు. సిగ్గనిపించింది అక్కడ.

నీలిచుక్క:
సాయం చేద్దామనే కదే అన్నాను! ఇన్నేళ్ళ స్నేహం, నాలుగొందలు నేనిస్తే తప్పా?

రెండుదుప్పట్లు:
నేనడిగానా? ఎక్కడికెళ్ళినా ఇంతే. హోటల్లో మెనూ నా చేతిలోంచి తీసుకుని "నువ్వు రేటు చూడకు" అంటావు. క్యాబ్‌లో నువ్వే కడతావు, మళ్ళీ నలుగురిలో చెబుతావు. ఆ దుప్పట్లాయనకీ నాకూ మధ్య బేరం బాగానే నడుస్తోంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, నేనూ నవ్వుతూనే ఉన్నా. నీకు నేతవాళ్ళ మీద అంత ప్రేమ ఉంటే నువ్వు రెండు కొనాల్సింది 2,200కి. కొన్నావా? ఏటికొప్పాక బండి బొమ్మ ఒకటి కొని ఫొటో పెట్టావు.

నీలిచుక్క:
నాకు దుప్పట్లు అవసరం లేదు కాబట్టి కొనలేదు. ఇలాంటివన్నీ ఇక్కడ రాయడం ఏం మర్యాద?

రెండుదుప్పట్లు:
మొదలుపెట్టింది ఎవరు?

నిర్వాహకులు:
వ్యక్తిగత విషయాలు ఇన్‌బాక్స్‌లో మాట్లాడుకోండి. ఈ చర్చకి తాళం వేసే పరిస్థితి తేవద్దు.

గోదారిగట్టు:
అమ్మాయిలిద్దరూ ఒకసారి మా ఊరు రండి, పూతరేకులు తిని వెళ్ళండి.

పడుగుపేక:
ఇందాక మా బావకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించా. నవ్వాడు. బేరమాడేవాళ్ళతో ఆయనకి పేచీ లేదట. వాళ్ళు దుప్పటి విప్పి చూస్తారు, నూలు నంబర్ (ఎంత సన్నమో) అడుగుతారు, కొన్నాక రెండేళ్ళకి మళ్ళీ వెతుక్కుంటూ వస్తారు. "పాపం, తీసుకోండి" అని కొనేవాళ్ళు మళ్ళీ కనపడరట, దుప్పటి ఎలా ఉందో కూడా చూడరట. మా బావ మాట ఇది. నా మాట వేరు: 1,600 తక్కువే. రెండుదుప్పట్లు గారు, మిమ్మల్ని అనట్లేదు. మీ దగ్గరున్నది అంతే. ఉన్నవాళ్ళు కూడా అంతే ఇస్తారు, నా గొడవ వాళ్ళతో.

కాఫీడికాషన్:
ఉన్నవాళ్ళో లేనివాళ్ళో స్టాల్ వాడికెలా తెలుస్తుంది? అందుకే అందరికీ పైకి వేసి చెబుతాడు. మళ్ళీ మొదటికే వచ్చాం.

పడుగుపేక:
బట్టలు చూస్తే తెలుస్తుంది మేడం. ముప్ఫై ఏళ్ళుగా బట్టలే అమ్ముతున్నాడు.

లెక్కలమాస్టారు:
ఇంతమంది ఇన్ని మాటలన్నారు. ఆ దుప్పటి పోగు లాగి చూశారా, లేదా?

రెండుదుప్పట్లు:
చూశాను మాస్టారూ. ఒకే పోగు మీద మూడు రంగులున్నాయి.

లెక్కలమాస్టారు:
పడుగు పోగా, పేక పోగా?

రెండుదుప్పట్లు:
అదెలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు:
అంచు వెంబడి నిలువుగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. రెండూ లాగి చూడండి. రెండింట్లోనూ రంగులు మారుతుంటే అది డబుల్ ఇకత్. అప్పుడు 2,200 కూడా తక్కువ చెప్పాడని నేను ఒప్పుకోవాల్సి వస్తుంది. ఫొటో పెట్టండి.