పోలీసు హింసపై క్యాంపస్‌లో ఉమ్మడి లేఖ, ర్యాలీ: ఎఫ్-1 వాళ్లం ఎంతవరకు దిగొచ్చు?

అసోసియేషన్_సెక్రటరీ:
అమెరికాలో స్టేట్ యూనివర్సిటీ. ట్రాఫిక్ స్టాప్‌లో సిటీ పోలీసులు ఒక నల్లజాతి కుర్రాణ్ణి కొట్టిన వీడియో బయటికొచ్చింది. బ్లాక్ స్టూడెంట్ యూనియన్ వాళ్లు ఉమ్మడి లేఖ రాస్తున్నారు, శుక్రవారం ర్యాలీ. మన ఇండియన్ అసోసియేషన్‌నూ సంతకం పెట్టమన్నారు. సభ్యుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీదున్నవాళ్లు. సగం మంది "మనకెందుకీ గొడవ" అంటున్నారు. లేఖలో ఏం అడిగితే పని జరుగుతుంది? వీసాకు ఎసరు రాకుండా ర్యాలీకి వెళ్లడమెలా?

రికార్డుల_రాజు:
"మనకెందుకు" అనేవాళ్లకు సియాటెల్ గుర్తుచేయండి. 2023 జనవరిలో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని గుద్ది చంపిన పోలీసు కారు గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 దాకా వెళ్లింది. ఆమె ప్రాణం విలువ తక్కువేనంటూ ఇంకో అధికారి నవ్విన మాటలు లోకానికి తెలిసింది అతని బాడీ కెమెరా రికార్డు వల్లే. 2024లో అతని ఉద్యోగం పోయింది. కారు నడిపినతని మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేదు.

ఇక లేఖ. "న్యాయం కావాలి" అని రాస్తే యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఆఫీసు నుంచి అంతే తియ్యటి ఈమెయిల్ వస్తుంది, అక్కడితో సరి. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా చేయాలో రాయండి. 2020 మే 25న మినియాపొలిస్ పోలీసులు నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్‌ను చంపారు. మిన్నెసోటా యూనివర్సిటీ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు 24 గంటల గడువు పెట్టి, మినియాపొలిస్ పోలీసులతో తెగతెంపులు చేసుకోమని అడిగింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల లాంటి పెద్ద కార్యక్రమాల బందోబస్తుకు ఇక వాళ్లతో ఒప్పందం ఉండదని ప్రెసిడెంట్ జోన్ గేబెల్ 27నే ప్రకటించారు. యూనివర్సిటీ సొంత పోలీసు శాఖ మాత్రం అలాగే ఉంది. అంటే అడిగిందంతా దక్కలేదు, కానీ ఏం దక్కిందో లెక్క చెప్పగలరు.

కాబట్టి ముందు మీ క్యాంపస్ పోలీసులకూ సిటీ పోలీసులకూ మధ్య ఉన్న ఎంవోయూ (ఒప్పంద పత్రం), బందోబస్తు బిల్లులు తెప్పించండి. మీ రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం పేరుతోనే దరఖాస్తు పెట్టాలి. మన ఆర్టీఐలా ఒకటే చట్టం అనుకుని చాలామంది ఎఫ్ఓఐఏ (కేంద్ర సమాచార చట్టం) అని రాస్తారు, అది ఫెడరల్ ఆఫీసులకే. "పోలీసు రికార్డులన్నీ ఇవ్వండి" అంటే పరిధి మరీ ఎక్కువైందని తిప్పి పంపుతారు. బాడీ కెమెరా వీడియో గడువు తీరితే చెరిగిపోతుంది. అందుకని తేదీ, సమయం, కూడలి పేరు వేసి, దాన్ని చెరపొద్దని ఈరోజే సిటీ పోలీసులకు విడిగా లేఖ పంపండి. క్యాంపస్ నేరాల వివరాలు బయటపెట్టమనే క్లెరీ చట్టం ప్రకారం క్యాంపస్ క్రైమ్ లాగ్ (నేరాల చిట్టా) చివరి 60 రోజులది అడిగితే ఆఫీసు వేళల్లో చూపించాల్సిందే, అంతకు పాతదైతే రెండు పనిదినాల్లో.

వీసా_వివరం:
నిరసన హక్కు పౌరులకే కాదు, మనకూ ఉంది. కానీ అరెస్టు లెక్క వేరు. కేసు కొట్టేసినా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్నదానికి అవుననే రాయాలి, కోర్టు సర్టిఫైడ్ కాపీ దగ్గర ఉండాలి. 2025 వసంతంలో కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు కూడా రద్దు చేసి, కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాక పునరుద్ధరించారు.

ఫుట్‌పాత్ దిగొద్దు. రోడ్డు మీద నడవడానికీ మైకుకీ పర్మిట్ ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. చెదిరిపోమని పోలీసులు చెప్పిన మొదటిసారే వెళ్లిపోండి, రెండోసారి దాకా ఆగొద్దు. లాయర్ నంబరు మార్కర్‌తో ముంజేతి మీద రాసుకోండి, అరెస్టయితే ఫోన్ లాగేసుకుంటారు. నేరం ఒప్పుకునే ముందు వీసా సంగతి లాయర్‌ను అడగండి. అది చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యతేనని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) మీ లాయర్ కాదు, ఆయనకు చెప్పింది గోప్యంగా ఉంటుందనుకోకండి.

కెమెరా_కన్ను:
వీడియో తీసేవాళ్లకు: ఫోన్ అడ్డంగా పట్టి, ముందు వీధి బోర్డు చూపించండి. వ్యాఖ్యానం వద్దు, మీ గొంతు పోలీసు మాటను మింగేస్తుంది. వెనక్కి జరగమంటే జరుగుతూనే తీయండి. వాట్సాప్‌లో పంపితే ఫైలు నలిగి మెటాడేటా (ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు) పోతుంది. అసలు ఫైలు ముట్టుకోకుండా డ్రైవ్‌లో దాచి, పోస్టు చేసే కాపీలో నిరసనకారుల ముఖాలు మసకచేయండి. వేలిముద్ర లాక్ తీసేసి ఆరంకెల కోడ్ పెట్టండి. కాంటాక్ట్ లెన్సులతో వెళ్లొద్దు. టియర్ గ్యాస్ పడితే పాలు కాదు, మంచినీళ్లతో కళ్లు కడగాలి.

అసోసియేషన్_సెక్రటరీ:
థాంక్స్ అండీ. సంతకం సంఘం పేరుతోనా, వ్యక్తులుగానా?

రికార్డుల_రాజు:
సంఘం పేరుతో. బైలాస్ ప్రకారం కమిటీలో ఓటు పెట్టి, మినిట్స్‌లో రాయండి, లేకపోతే రేపు "మమ్మల్ని అడిగారా" అని ఆ సగం మందే లేస్తారు. సభ్యుల పేర్లు, ఈమెయిళ్లు ఉన్న గూగుల్ షీట్ లింకు మాత్రం బయటికి వదలొద్దు.