టొరంటో కేశవ్‌జీ గారి ఊపిరితిత్తుల పేపర్లు ఎవరైనా చదివారా? మా నాన్నకి ఐపీఎఫ్

ఎంవీపీ_కుర్రాడు
అందరికీ నమస్తే. మా నాన్నకి 61, ఐపీఎఫ్ (ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిపోయే జబ్బు) అని తేలింది, దానికి పిర్‌ఫెనిడోన్ అనే మందు వాడుతున్నారు, ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కూడా పెట్టాం. రోజూ పొద్దున్నే అప్పుఘర్ దాకా నడిచొచ్చే మనిషి, ఇప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళొస్తేనే ఆయాసపడిపోతున్నారు. డాక్టర్ గారు ఓసారి ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌లో చూపించండి అన్నారు. కెనడాలో ఉన్న మా బావేమో అక్కడి సర్జన్ షాఫ్ కేశవ్‌జీ టీమ్ పేపర్లు పంపాడు, ఊపిరితిత్తుల్ని ఒంట్లోంచి తీసి మెషీన్ మీద పెట్టి ఊపిరి ఆడిస్తారట, ఏటిది నిజమేనా? 2011 పేపర్లో ఒకళ్ళకి 15 శాతం, ఇంకోళ్ళకి 30 శాతం అని ఉంది, అంటే రిస్క్ సగానికి సగం తగ్గిపోయినట్టేనా?

వెంటిలేటర్_అక్క
నిజమే తమ్ముడూ. మామూలుగా దాత ఊపిరితిత్తుల్ని ఐస్‌లో పెట్టి తెస్తారు, చల్లగా ఉన్నంతసేపూ అవి ఎలా పనిచేస్తాయో చూడ్డానికి కుదరదు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, వెంటిలేటర్ మీద నిమోనియా రావడం మామూలే, అందుకే డౌటున్నవి చాలావరకు వదిలేస్తారు, కిడ్నీలు తీసుకున్నా ఇవి తీసుకోరు. వీళ్ళేం చేశారంటే 37 డిగ్రీల దగ్గర 4 గంటలపాటు స్టీన్ సొల్యూషన్ అనే ద్రవం ఎక్కిస్తూ వెంటిలేటర్ పెట్టి, ఆక్సిజన్ బాగా పడుతోందా లేదా చూసి అప్పుడు డిసైడ్ చేశారు.

ఇక నీ లెక్క. మెషీన్ ఎక్కించినవి 23, అందులో రోగులకి పెట్టినవి 20. ఇరవైలో 15 శాతం అంటే ముగ్గురు, అంతే! పెట్టాక 72 గంటలకి కొత్త ఊపిరితిత్తి సరిగ్గా పనిచెయ్యనివాళ్ళు ఆ ముగ్గురు. అవతల మామూలుగా చేసిన 116 మందిలో 30 శాతం. ఇంత చిన్న గుంపులో ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చుండొచ్చు, ప్రాబబిలిటీ 0.11 అని పేపర్లోనే ఉంది చూడు. రిస్క్ సగమైందని కాదు, డౌటున్న ఊపిరితిత్తులు కూడా మంచివాటికి తగ్గకుండా పనిచేశాయని. నన్నడిగితే అదే పెద్ద విషయం.

పాత_వాల్తేరు
చిన్న చరిత్ర, అడక్కపోయినా చెప్తా 😀 1963లో అమెరికాలో హార్డీ మొదటిసారి ఊపిరితిత్తి మార్చితే ఆ పేషెంట్ 18 రోజులు బతికాడు. తర్వాత కూడా ఏళ్ళ తరబడి గాలిగొట్టం కుట్టిన చోట మానక విడిపోయేది. టొరంటోలోనే జోయెల్ కూపర్ వాళ్ళు కుక్కల మీద చూసి, ఎక్కువ డోసు స్టెరాయిడ్లే అది మాననివ్వట్లేదని పట్టుకున్నారు, కొత్త అవయవాన్ని ఒళ్ళు తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక స్టెరాయిడ్ తగ్గించి 1983లో ఊపిరితిత్తి మార్చిన పేషెంట్ ఆరేళ్ళ పైన బతికాడు. ఆయనకీ మీ నాన్నగారిలాగే పల్మనరీ ఫైబ్రోసిస్.

గాజువాక_లక్ష్మి
మావారిని ఇలాగే తిప్పాను కాబట్టి చెప్తున్నా బాబూ, మెషీన్ సంగతి డాక్టర్లు చూసుకుంటారు, నువ్వు ముందు రిఫరల్ లెటర్ రాయించుకో. ఇంకా బాగానే ఉన్నారు కదా అని ఆగొద్దు, ఐపీఎఫ్ అని తెలిసినప్పుడే సెంటర్‌కి పంపమని గైడ్‌లైన్స్‌లోనే ఉంది, మరీ నీరసించిపోయాక తీసుకెళ్తే ఆపరేషన్‌కి తట్టుకోలేరంటారు. మనవాళ్ళు ఎక్కువగా హైదరాబాదో చెన్నయో పోతారు. పేరు మనం వెళ్ళి రాయించుకునేది కాదు, జీవన్‌దాన్ (అవయవదానాల సర్కారీ పథకం) అయినా ఇంకోటయినా హాస్పిటలే రిజిస్టర్ చేస్తుంది, వేరే రాష్ట్రం వాళ్ళకి వరస ఎలా వస్తుందో మొదటి రోజే అడుగు. ఫోన్ వస్తే గంటల్లో చేరాలి కాబట్టి అక్కడే ఇల్లు తీసుకోమంటారు, ఆపరేషన్ అయ్యాక కూడా కొన్నాళ్ళు అక్కడే. ఒళ్ళు కొత్త ఊపిరితిత్తిని తిరస్కరించకుండా టాక్రోలిమస్ లాంటి మందులు జీవితాంతం మింగాలి, ఖర్చు గట్టిగా అడుగు, మొహమాటపడకు.

ఎంవీపీ_కుర్రాడు
థాంక్స్ అక్కా, ఆంటీ. మా బావకి ఆ ముగ్గురి లెక్క పంపా, నోరెత్తలేదు. మొదటిసారి ఏం రిపోర్టులు పట్టుకెళ్ళాలి?

వెంటిలేటర్_అక్క
హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల సీటీ స్కాన్) ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా. డీఎల్‌సీఓతో (ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసేది) కలిపి పీఎఫ్‌టీ, అంటే ఊపిరి టెస్ట్, ఆరు నిమిషాల నడక టెస్ట్, గుండెకి చేసే టూడీ ఎకో. పాతవి పారెయ్యొద్దు, ఎంత స్పీడ్‌గా పడిపోతోందో వాటితోనే తెలుస్తుంది. సిలిండర్ ఎక్స్‌ట్రా పెట్టుకో, ఫ్లైట్ అయితే ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పాలి.