దేశాలవారీ పరిమితిని ఎత్తివేయమని అడగాలా, గ్రీన్ కార్డుల సంఖ్యనే పెంచమని అడగాలా?

నిరీక్షణ_2013 (చర్చ ప్రారంభం)

అమెరికాలో ఉద్యోగం ఆధారంగా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. 1990 నాటి చట్టం పెట్టిన ఈ సంఖ్యలోనే ఉద్యోగితో పాటు భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కకు వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఇందులో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది మరో నిబంధన. ఇతర దేశాలవారు వాడుకోగా మిగిలినవి కలిస్తే తప్ప, భారతదేశంలో పుట్టినవారి వాటా పదివేల లోపే. 2013లో గ్రీన్ కార్డు వరుసలో చేరినవారి తేదీల చుట్టూనే 2025 వీసా బులెటిన్లు (ఎవరి వంతు వచ్చిందో చెప్పే నెలవారీ ప్రకటనలు) కూడా తిరిగాయంటే కారణం ఇదే.

మనవాళ్లు ఇంతకాలం లాబీయింగ్ అంతా ఈ 7 శాతం పరిమితి మీదే నడిపారు. అది పొరపాటు ఎత్తుగడ అని నా అభిప్రాయం. మొత్తం సంఖ్య పెరగకుండా పరిమితి ఒక్కటే పోతే, మనకు తగ్గిన నిరీక్షణ ఫిలిప్పీన్స్ నర్సుకో, ఇరాన్ పరిశోధకుడికో పెరుగుతుంది. 2019లో సెనేటర్ ర్యాండ్ పాల్ నర్సుల కోసం పరిమితి ఎత్తివేత బిల్లును ఆపడానికీ, డిక్ డర్బిన్ సంఖ్య పెంచాలంటూ వేరే బిల్లు తేవడానికీ మూలం ఇక్కడే ఉంది. సాటి వలసదారులనే ఎదుటి పక్షంలో నిలబెట్టే కోరికను పట్టుకుని ఎంతకాలం తిరుగుతాం?

హనుమకొండ_హ్యూస్టన్

నిరీక్షణ గారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు, దాని నుంచి మీరు తేల్చిన విషయంతోనే ఉంది. ఏ కోరిక న్యాయమైనదన్నది ఒక ప్రశ్న, ఏది కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, గట్టెక్కుతుందన్నది వేరే ప్రశ్న. పరిమితి ఎత్తివేత బిల్లు ప్రతినిధుల సభలో 2011 నవంబరులో 389–15 తేడాతోనూ, 2019 జూలైలో 365–65 తేడాతోనూ నెగ్గింది. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా తన బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు సభలు ఆమోదించిన బిల్లులూ ఒకేలా లేకపోవడంతో, వాటిని సరిపెట్టేలోగా ఆ కాంగ్రెస్ గడువు ముగిసి అంతా వృథా అయింది. 2022 డిసెంబరులో పరిమితి ఎత్తివేతకే తెచ్చిన ఈగిల్ యాక్ట్ అనే బిల్లును ఓటింగుకు పెట్టకుండానే వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ ఓటములే, కాదనను. అయినా రెండు పార్టీల సభ్యులూ ఇంత పెద్ద సంఖ్యలో చేయెత్తిన వలస బిల్లులు ఈ కాలంలో ఎన్ని ఉన్నాయో చెప్పండి.

ఆ మద్దతు ఎలా వస్తుందో కూడా చూడాలి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో హైదరాబాద్‌కు చెందిన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. భర్త పోవడంతో ఆయన భార్య సునయనకు అమెరికాలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైంది. అంత్యక్రియలకు ఇండియా వెళ్లిన మనిషికి తిరిగి రావడం కూడా సందేహంగా మారింది. ఆమెకు సాయపడిన స్థానిక రిపబ్లికన్ ప్రతినిధి కెవిన్ యోడర్ ఆ తరువాత ఈ బిల్లు బాధ్యతను తన భుజాన వేసుకున్నారు. ఏడు శాతమంటే ఏమిటో ఆయన కార్యాలయానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. సంఖ్య పెంచమని వెళితే మొదటి నిమిషంలోనే ఎదురయ్యే మాట వేరు: ‘అమెరికన్ల ఉద్యోగాల సంగతేమిటి?’

బెజవాడ_పరిశీలకుడు

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్ల మీద 1,00,000 డాలర్ల చెల్లింపు విధిస్తూ అధ్యక్షుడు ప్రకటన చేశాక కూడా మీరిద్దరూ పరిమితి, సంఖ్య అంటూ వాదించుకోవడం నాకు వింతగా ఉంది. ఉన్నది ఊడకుండా చూసుకోవలసిన రోజులివి.

నిరీక్షణ_2013

పరిశీలకుడు గారూ, ఉన్నది కాపాడుకోవడం కూడా లాబీయింగే, అది కాంగ్రెస్‌లో కాక ప్రభుత్వ శాఖల దగ్గర జరుగుతుంది. 2007 జూలైలో గ్రీన్ కార్డు దరఖాస్తులు తీసుకుంటామని బులెటిన్‌లో ప్రకటించి, నెల మొదటి వారంలోనే లేదు పొమ్మన్నారు. అప్పటికే వైద్య పరీక్షలు చేయించుకుని, లాయర్లకు డబ్బు కట్టినవారు వేలల్లో ఉన్నారు. వారు గాంధీగిరి పేరుతో ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరుకు పూలు పంపితే, ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి పంపించారు. జూలై 17న శాఖ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. దావాల ఒత్తిడి కూడా ఉంది గనుక ఘనత అంతా పూలకే కట్టబెట్టలేం.

హనుమకొండ గారికి నా జవాబు: సంఖ్య పెంపు అసలు గట్టెక్కదన్నట్టు మీరు మాట్లాడటం సరికాదు. కుటుంబ సభ్యులను 1,40,000 లెక్క నుంచి తప్పించే అంశం ఉన్న సమగ్ర బిల్లు 2013 జూన్‌లో సెనేట్‌లో 68–32తో నెగ్గింది.

హనుమకొండ_హ్యూస్టన్

నెగ్గింది, కానీ పత్రాలు లేని వలసదారులకు పౌరసత్వ మార్గంతో ముడిపడి ఉండటం వల్ల ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. పైగా అదే బిల్లులో దేశాలవారీ పరిమితి ఎత్తివేత కూడా ఉందని మీరు చెప్పలేదు.

ఎడిసన్_తల్లి

మీ ఇద్దరి వాదనా విన్నాను. మా అబ్బాయి నాలుగో ఏట ఈ దేశం వచ్చాడు, ఇప్పుడు పంతొమ్మిది. ఇరవై ఒకటి నిండితే మా దరఖాస్తులో వాడి పేరు ఉండదు. స్టూడెంట్ వీసా తీసుకుని, వాడు పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థిగా ఫీజు కట్టాలి. పిల్లల వయసును దరఖాస్తు వేసిన రోజుతో ఆపేయమన్న కోరిక ఏ నర్సు వాటానూ తినదు. ముందు దాన్ని అడగండి, మిగతాది మీరు తీరిగ్గా తేల్చుకోవచ్చు.

హనుమకొండ_హ్యూస్టన్

అమ్మా, మీ మాటతో నాకు తగువు లేదు, విడి బిల్లుగా దాన్ని బలపరుస్తాను. అయితే ఏ కోరికకైనా వర్తించే ఒక ఇబ్బంది ఉంది. ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేస్తే అక్కడి ఉద్యోగి మొదట అడిగేది జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది). ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో నివసించేవారి మాట రాసుకుంటారు. ఎన్నికల విరాళం దగ్గర మాత్రం హెచ్-1బీ మీద ఉన్నవారికి చట్టం అడ్డు, గ్రీన్ కార్డు ఉన్నవారికి లేదు. అంటే చందా ఇచ్చే అర్హత వచ్చేది వరుస దాటాకే, దాటినవారిలో ఎక్కువమంది మాత్రం వాట్సాప్ గ్రూపు నుంచి ఆ వారమే వెళ్లిపోతారు. నిరీక్షణ గారూ, పరిమితా సంఖ్యా అన్న మన తగువును ఇక్కడ ఆపి, మీ నియోజకవర్గంలో ఈ మధ్య కార్డు అందుకున్నవారిలో ఎందరు ఇంకా ఫోన్ ఎత్తుతున్నారో కనుక్కుని చెప్పగలరా? వారు ఏ కోరికకు చెక్కు రాయడానికి సిద్ధపడతారో, దాని వెంటే నడవడానికి నాకు అభ్యంతరం లేదు.