‘ఆధారితం’ అంటే ఏ వైపు? లైబ్రరీల డిపెండెన్సీకి తెలుగు మాట

చీపురుపల్లి నుంచి ప్రశ్న:
డిగ్రీ పిల్లలకి లినక్స్ పాఠం తెలుగులో తయారవుతోంది. ప్రోగ్రాంకి ఏయే లైబ్రరీలు లింకయ్యాయో సీమేక్‌తో (ప్రోగ్రాం ఎలా తయారవ్వాలో రాసుకునే పనిముట్టు) కనుక్కోవడం ఇందులో ఒక భాగం. డిపెండెన్సీకి, అంటే ప్రోగ్రాంకి కావలసిన లైబ్రరీకి, ఆధారితం, పరాధీనత, ఆధారం అని మూడు మాటలు వచ్చాయి. ఏది ఉంచాలండీ?

టెక్కలి:
ఆధారితం మాత్రం వద్దు, దిక్కు తిరగబడిపోద్ది. రాట మీద పందిరి నిలుస్తుంది. రాట ఆధారం, పందిరి ఆధారితం. ఇక్కడ లైబ్రరీయే రాట. ‘ప్రోగ్రాం ఆధారితాలు’ అని రాస్తే ఆ ప్రోగ్రాంని నమ్ముకున్నవేవో అడుగుతున్నట్టు అవుతుంది. పరాధీనత ఒక స్థితి పేరు, వస్తువు పేరు కాదు. ‘నాలుగు పరాధీనతలు’ అని ఎవరూ లెక్కపెట్టరు.

బొబ్బిలి:
సీమేక్ ఈ రెండు దిక్కుల్నీ విడిగానే ఇస్తుంది. బిల్డ్ ఫోల్డర్‌లో సీమేక్‌కి రెండు హైఫన్లతో గ్రాఫ్‌విజ్ (బాణాల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఆప్షన్, ఈక్వల్ గుర్తు, ఫైలు పేరు, కాస్త ఎడం వదిలి ఒక చుక్క ఇవ్వండి. మొత్తం బొమ్మకి ఒక ఫైలు, దాంతో పాటు టార్గెట్‌కి (తయారయ్యే ఒక్కో ప్రోగ్రాం లేదా లైబ్రరీ) రెండేసి ఫైళ్లు వస్తాయి. టార్గెట్ పేరుతో ముగిసేది దాని ఆధారాలు. చివర ‘డిపెండర్స్’ అని ఉన్నది దాన్ని ఆధారం చేసుకున్నవి. ఆధారితం అన్న మాట ఈ రెండోదానికే సరిపోతుంది.

ఫైలుని గ్రాఫ్‌విజ్‌లోని ‘డాట్’ ప్రోగ్రాంకి ఇస్తే పీఎన్‌జీ బొమ్మ అవుతుంది. బాణం ప్రోగ్రాం నుంచి లైబ్రరీ వైపు ఉంటుంది. సీమేక్ 3.17 వెర్షన్ నుంచి గీతని బట్టి లింక్ రకం తెలుస్తుంది: నిండు గీత పబ్లిక్ (టార్గెట్‌కీ, దాన్ని వాడేవాటికీ), తెగిన గీత ఇంటర్‌ఫేస్ (వాడేవాటికే), చుక్కల గీత ప్రైవేట్ (టార్గెట్‌కే).

ఆమదాలవలస:
ఒక జాగ్రత్త. సీమేక్ చూపేది మనం రాసుకున్న ఆధారాలే. తయారైన ఫైల్లో ఏమున్నాయో ఫైలు లోపలి వివరాలు చదివే రీడెల్ఫ్ కమాండుకి హైఫన్ చిన్న డీ ఇచ్చి, ‘నీడెడ్’ వరసల్లో చూడాలి. రెండూ సరిపోలకపోతే కంగారుపడక్కర్లేదు. స్టాటిక్ లైబ్రరీ ప్రోగ్రాంలోనే కలిసిపోతుంది కాబట్టి నీడెడ్‌లో కనబడదు. ఉబుంటులో లింకర్‌కి (ప్రోగ్రాంని లైబ్రరీలతో కలిపేది) ‘యాజ్ నీడెడ్’ ముందే పెట్టి ఉంటుంది, అందుకని పేరుకి లింక్ చేసి వాడని లైబ్రరీ రాలిపోతుంది. ప్రోగ్రాం నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తెచ్చుకునే ప్లగిన్‌లు నీడెడ్‌లోకి రానే రావు.

ఎల్‌డీడీ అనే ఇంకో కమాండు అయితే ఆధారాలకి ఆధారాలు కూడా చెబుతుంది, దొరకని దాని పక్కన ‘నాట్ ఫౌండ్’ అంటుంది. కానీ నమ్మకం లేని ఫైలు మీద దాన్ని వాడొద్దని పాఠంలో తప్పక రాయండి. కొన్ని సందర్భాల్లో ఎల్‌డీడీ ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుంది. రీడెల్ఫ్ చదివి ఊరుకుంటుంది.

చీపురుపల్లి:
ఆధారం అంటే పిల్లలు సాక్ష్యం అనుకోరా?

టెక్కలి:
మొదటిసారి ‘ఆధార లైబ్రరీ’ అని పూర్తిగా రాయండి, ఆ అనుమానం రాదు. నీడెడ్‌లో ఉన్నవి ‘నేరు ఆధారాలు’, ఎల్‌డీడీలో అదనంగా కనబడేవి ‘ఆధారాల ఆధారాలు’. లింక్, లైబ్రరీ, టార్గెట్ అలాగే ఉండనివ్వండి, అందరి నోటా ఉన్నవే.